రుమాలు వేసిన సీటు

మబ్బు కమ్ముకొస్తోంది. కల్పలత కంప్యూటర్ ముందు కూర్చుని పళ్లు కొరుకుతోంది.

పద్మారావు నగర్‌లోని ఆ చిన్న పరిశోధన సంస్థలో ఆమె పని ఒక్కటే. వాన ఎంత పడితే ఏ మురుగునీటి నాలా పొంగుతుందో, ఏ గల్లీలోకి నీళ్లొస్తాయో ముందే లెక్కకట్టి మున్సిపల్ వాళ్లకు చెప్పడం. వాళ్లు ఆ గల్లీని ఖాళీ చేయిస్తారు.

అంత పెద్ద లెక్క చేసే కంప్యూటర్లు ఆ ఆఫీసులో ఎక్కడున్నాయి? అందుకే ఊళ్లోని కాలేజీలు, సంస్థలు కలిసి క్లౌడ్‌లో పెద్ద మెషిన్లను ఉమ్మడిగా అద్దెకు తీసుకున్నాయి. ఎవరి లెక్క ముందొస్తే వాళ్లకు మెషిన్లు. కావాలంటే తమ వంతును ఇంకొకరి లాగిన్‌కు ఇచ్చుకోవచ్చు. మిగతావాళ్లు క్యూలో ఉండాల్సిందే.

ఈ వానాకాలమంతా కల్పలతకు క్యూ అన్నమాటే తెలియదు. లెక్క పంపగానే మొదలయ్యేది. తన అదృష్టమే అనుకుంది.

ఇవాళ ఆగిపోయింది.

సగం చికాకు పొద్దుటే మొదలైంది. పాస్‌వర్డ్ గడువు తీరిందని ఆమె లాగిన్ తెరుచుకోలేదు. కొత్తది తెప్పించుకునే ఓపిక లేక, పక్క సీటు సాయి లాగిన్‌తో లెక్క పంపింది. ఆ ఆఫీసులో అందరూ చేసే పనే అది.

"మెషిన్లన్నీ ఎవరో హదస్సా అట మేడమ్, ఆవిడ దగ్గరున్నాయి," అన్నాడు సాయి.

"ఏం లెక్క చేస్తున్నది?"

సాయి తెర వైపు వంగి చూశాడు.

"ఏమీ చెయ్యట్లేదు. ఊరికే పట్టుకుని కూర్చుంది."

కల్పలతకు ఒళ్లు మండిపోయింది.

సికింద్రాబాద్ స్టేషన్ ముందు బస్సులెక్కి పెరిగిన మనిషి ఆమె. కిటికీలోంచి రుమాలు విసిరి సీటు ఆపుకునే వాళ్లంటే చిన్నప్పట్నుంచీ మంటే. పక్కన ముసలామె నిలబడి ఊగుతున్నా లేవరు. అడిగితే 'మావాళ్లు వస్తున్నారు' అంటారు. ఆ వచ్చేవాళ్లు ఎప్పటికీ రారు.

ఉమ్మడి ఖాతా చూసే వేణుమాధవ్ దగ్గర నంబరు తీసుకుని ఫోన్ కలిపింది.

"హదస్సా నువ్వేనా?"

"అవునండీ. మీరెవరు?"

"ఎవరైతే నీకెందుకు? పని లేకుండ ఆ మెషిన్లు పట్టుకొని ఎందుకు కూసున్నవ్?"

"నాకోసం కాదక్కా. ఒకామె కోసం ఆపి పెట్టిన. ఆమె వచ్చే టైమే ఇది."

"ఎవరామె? నీకు చుట్టమా?"

"కాదు. మొఖం సుత చూడలే."

"బస్సుల రుమాలేసేటోళ్లు గూడ గిదే మాటంటరు! చదువుకున్నవ్, సిగ్గనిపిస్తలేదా?"

"జెర నా మాట ఇనుండ్రి అక్కా. వాన గిట్ల వస్తే..."

"వాన సంగతి నువ్వు నాకు చెప్తవా?"

కల్పలత ఫోన్ పెట్టేసి, అదే ఊపులో వేణుమాధవ్‌కు చేసింది.

"పీహెచ్‌డీ చేసే పిల్ల మేడమ్. తన లెక్కలు కూడా ఈ ఖాతాలోనే ఉన్నయి. ఒకసారి మాట్లాడి చూస్త," అన్నాడతను.

"మాట్లాడేదేం లేదు. మెషిన్లు ఖాళీగా ఆపుకుంటే లాగిన్ తీసేస్తమని రూలు పెట్టింది మీరే కద? తీసెయ్‌రి!"

తీసేశాడు.

"పీడ విరగడైంది," అంది కల్పలత.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. విడిపోయిన మెషిన్లన్నీ క్యూలో ముందున్న ఏదో కాలేజీ వాళ్లకు పోయాయి. వాళ్లది నక్షత్రాల లెక్క. రేపటిదాకా కదలదు. నిజం లెక్కే కాబట్టి తీసెయ్యమనడానికి రూలూ లేదు.

సాయి లాగిన్‌తో పంపిన వానలెక్క క్యూలోనే ఉండిపోయింది.

ఆకాశం చిల్లుపడ్డట్టు వాన మొదలైంది.

"మేడమ్, ఏ గల్లీ ఖాళీ చేయించాలె? జల్ది చెప్పుండ్రి!" మున్సిపల్ ఆఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్.

ఏ గల్లీ అని చెబుతుంది? నక్షత్రాల వాళ్లను తిట్టింది. వేణుమాధవ్‌ను తిట్టింది. అన్నిటికన్నా ఎక్కువగా హదస్సాను తిట్టింది. పొద్దుటే మెషిన్లు వదిలేసి ఉంటే ఈపాటికి లెక్క తేలిపోయేది కదా!

సాయంత్రం హదస్సా నుంచే ఫోన్ వచ్చింది.

లాగిన్ పోయిందని ఏడుపు మొదలుపెడుతుంది కాబోలు. కడిగిపారేద్దామని ఫోన్ ఎత్తింది కల్పలత.

అవతల నీళ్ల హోరు. ఎవరో ఎవరినో కేకేసి పిలుస్తున్నారు.

"వేణుమాధవ్ సార్ ఇప్పుడే చెప్పిండు. నాలా లెక్కలు చేసే కల్పలత మేడమ్ మీరేనట గద?"

"అయితే ఏంది?"

"మాది నాలా ఒడ్డు గల్లీ మేడమ్. పోయినేడు మీ లెక్క చూసే ఖాళీ చేయించిన్రు. మంచం మీదున్న మా అమ్మ గట్లనే బతికింది."

కల్పలత కుర్చీలోంచి లేచింది.

"ఇప్పుడెక్కడున్నరు?"

"ఎవరూ రాలే మేడమ్. అమ్మను మోసుకొని మిద్దెక్కినం. నీళ్లు మెట్ల మీదికొస్తున్నయి."

"నేను మనుషులను పంపిస్త! గల్లీ పేరు చెప్పు!"

హదస్సా చెప్పింది. కల్పలత ఆ పేరు పైకి చెబుతుంటే సాయి రాసుకుని, ఆ కాగితం పట్టుకుని రెండో ఫోన్ దగ్గరికి పరుగెత్తాడు.

"హదస్సా... ఆ మెషిన్లు ఎవరికోసం ఆపినవ్?"

అటువైపు గొంతులో కోపం లేదు, అర్థం కాని దిగులే ఉంది.

"మబ్బు పట్టినప్పుడల్లా నా లెక్కలు పక్కకు పెట్టి మీకోసమే రుమాలేసి కూసుంటున్న మేడమ్, మీ లాగిన్ కనపడంగనే లేసి మీకు ఇచ్చేటట్టు... ఇయ్యాల మీ పేరుతోటి ఎందుకు రాలేదు?"