పది అడుగుల ఎండ

“ఎండ మీ ఒక్కరి సొత్తా చంద్రావతిగారూ?” అన్నాడు బిల్డరు రాజకుమార్, నాలుగో అంతస్తు శ్లాబు మీంచి కిందికి వంగి.

“నా సొత్తూ కాదు, మీ సొత్తూ కాదు బాబూ. ముందు ఆ సిమెంటు నా వడియాల్లో పడకుండా చూడండి!”

ఒళ్లు మండిపోతోంది చంద్రావతికి. మండదూ మరి? చీకటితోనే లేచి, పిండి రుబ్బి, నులకమంచం మీద తెల్లగుడ్డ పరిచి పెట్టుకున్న గుమ్మడి వడియాలు. వాటి మీద ఇప్పుడు సిమెంటు చుక్కలు.

“ఆ పెంకుటిల్లు నాకిచ్చేయండి, మూడో ఫ్లోర్లో ఫ్లాటు రాసిస్తానని ఎన్నిసార్లు చెప్పానండీ మీకు?”

“ఫ్లాటుతోపాటు ఎండ కూడా రాసిస్తారా?” అంది చంద్రావతి.

రాజకుమార్ నవ్వి లోపలికెళ్లిపోయాడు. నవ్వడానికేం, ఆయన అప్పడాలు అమ్ముకుని బతకడు కదా. ఇక్కడ వాకిట్లో ఎండ లేకపోతే పొయ్యి వెలగదు. ఆవిడ పెట్టిన అప్పడాలూ వడియాలూ భర్త భాస్కరరావు స్కూటరు మీద గూడెం కొట్లకీ, ఏలూరు కొట్లకీ వేసొస్తాడు. అలాంటిది, వంటింటి గోడకి జానెడు దూరంలో ఈ అపార్టుమెంటు లేచి కూర్చుంది. పదకొండు కాకుండానే వాకిలంతా నీడ. పెట్టిన అప్పడం పెట్టినట్టే మెత్తగా ఉండిపోతోంది.

“మనకెందుకే వాళ్లతో గొడవ?” లోపల్నించి గొణిగాడు భాస్కరరావు.

“మీరూరుకోండి,” అని చెప్పులేసుకుని మునిసిపల్ ఆఫీసుకి బయల్దేరిందావిడ.

ఆఫీసు గోడకి ఊరి మాస్టర్ ప్లాను వేలాడుతోంది. ఇళ్లెక్కడ, కొట్లెక్కడ, పొలాలెక్కడ అని తలో రంగూ పూశారు. ఊరి కాలువలో నిజానికి గుర్రపుడెక్క తప్ప నీళ్లు కనపడవు గానీ, పటంలో మాత్రం అది నీలంగా నిగనిగలాడుతోంది.

“మా తమ్ముడి కూతురు పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతోందండీ,” అంది చంద్రావతి టౌన్ ప్లానింగ్ ఆఫీసరుతో. “అంతెత్తు కడితే, పక్కింటికీ దానికీ మధ్య పది అడుగులు ఖాళీ ఉండాలంటగా? రూలేనంటగా?”

“రూలేనమ్మా. ముందు మీరు కూర్చోండి,” అన్నాడాయన. గవర్నమెంటు ఆఫీసులో కుర్చీ చూపించిన మనిషిని ఆవిడ చూడటం అదే మొదలు. “మీకేం కావాలో మీ నోటితోనే చెప్పండి. రాసుకుంటాను.”

“ఇంకేం వద్దండీ. రెంటికీ మధ్య ఆ ఖాళీ ఉండాలి. అంతే.”

ఆ తర్వాత కాళ్లరిగేలా తిరిగింది. వెళ్లినప్పుడల్లా అదే మాట, పది అడుగుల ఖాళీ. ఇక్కడ వేసవి కరిగిపోతోంది. “అప్పడం విరగట్లేదండీ, సాగుతోంది,” అని గూడెంలో కొట్టాయన సరుకు తిప్పి పంపేశాడు. ఆ సంచీ దించుతుంటే భాస్కరరావు మొహం చూడలేకపోయింది చంద్రావతి.

చివరికి ఆఫీసరు టేపు పట్టుకుని రానే వచ్చాడు. అటు కొలిచాడు, ఇటు కొలిచాడు. ఆవిడ మిగిలినవాటిలో మంచి అప్పడాలు ఏరి వేయించి పెట్టింది.

“అద్భుతంగా ఉన్నాయమ్మా,” అన్నాడాయన కరకరా నములుతూ. “ఈ ఇల్లెప్పుడు కట్టారు?”

“మా మామగారు కట్టారండీ, ఊరింకా పంచాయతీగా ఉన్నప్పుడు. ఆ రోజుల్లో ప్లాన్లూ గీన్లూ ఎక్కడివండీ? ముగ్గు పోసుకుని కట్టేసుకోవడమే,” అంది గొప్పగా.

“అవునవును,” అన్నాడాయన, ఇంకో అప్పడం అందుకుంటూ.

పది రోజులు తిరక్కుండానే జేసీబీ వచ్చేసింది. సందులోకి మలుపు తిరగలేక అది మూలుగుతుంటే, చంద్రావతికి సన్నాయి విన్నట్టుంది.

“చూశారా? గొడవెందుకే అన్నారు!” అంది భర్తతో. గబగబా మజ్జిగ కలిపి తెచ్చి డ్రైవరుకిచ్చింది. అపార్టుమెంటు గేటు దగ్గర రాజకుమార్ తాపీగా టీ తాగుతున్నాడు. ఎంత పొగరో చూడు, కట్టింది కూలిపోతుంటే కూడా టీలు తాగుతున్నాడు అనుకుంది.

ఆఫీసరు దగ్గరికొచ్చి, “సామాను తీసేసుకోండమ్మా,” అన్నాడు.

“దుమ్ము పడుతుందనాండీ? మంచాలన్నీ పొద్దున్నే లోపల పెట్టేశాను.”

“మంచాలు కాదమ్మా. వంటింట్లోవి.”

జేసీబీ తొండం పైకెత్తింది. అపార్టుమెంటు వైపు కాదు, పెంకుటింటి వైపు తిరిగింది.

“అయ్యో అయ్యో, అటు కాదు బాబూ! అది మా వంటిల్లు!” అని అరిచింది చంద్రావతి. భాస్కరరావు పరిగెత్తుకెళ్లి గోడకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

“నోటీసు అంటించాం కదమ్మా, వంటింటి అవతలి గోడకి,” అన్నాడు ఆఫీసరు.

ఆ గోడకీ అపార్టుమెంటుకీ మధ్య పిల్లి కూడా దూరదు.

“రాజకుమార్‌గారు పెనాల్టీ కట్టి, కట్టిందంతా రెగ్యులరైజ్ చేయించుకున్నారు. ప్లాను లేనిది మీ ఇంటికే,” అంటూ ఆఫీసరు టేపు డ్రైవరు చేతికిచ్చి, ఎంతో మర్యాదగా చంద్రావతి వైపు తిరిగాడు. “రెంటికీ మధ్య ఖాళీ ఉండాలన్నది మీరే కదమ్మా? ఆ పది అడుగులూ మీ వైపు తీస్తున్నాం.”