ఓడ ఎక్కేదాకా

సింగపూరు మారియమ్మ గుడి గోపురం ఎదుటికి రాగానే కృష్ణన్ ఆగిపోయాడు.

"మోకాలు లాగతా ఉండాది సౌందరం. నువ్వు పోయి దండం పెట్టుకొని రా. నేను ఈడే కూచుంటా."

సౌందరం గుండె కుదుటపడింది. గుడిలోకి పోకుండా ఏం సాకు చెప్పాలా అని రిక్షా ఎక్కినప్పటినుంచీ ఆవిడ కిందా మీదా పడుతోంది. చావు మైల ఉన్నవాళ్లు గుడి గడప తొక్కకూడదు. ఆ మైల ఇద్దరిదీ. పాపం, ఆయనకు ఆ సంగతి తెలియదు.

"మీరు రానిది నేనెందుకు పొయ్యేది? వద్దు, వేండాం. ఆ ఏటి ఒడ్డుకు పోయి పడవలు చూస్తాము రండి," అంది.

కోయంబత్తూరు పక్కన పీళమేడు వాళ్లది. కృష్ణన్ చిన్నప్పుడే మిల్లులో చేరి, సైరను సంగు కూస్తే లేవడం, సంగు కూస్తే పడుకోవడంగా బతికిన మనిషి. పెళ్లానికి పళని కొండ తప్ప ఏ ఊరూ చూపించలేదు. సింగపూరులో కొట్టు పెట్టుకున్న బావమరిది దొరసామి టికెట్లు పంపితే, "ముసలిదాన్ని వదిలి ఎట్లా పొయ్యేది?" అని నసిగాడు. ఆయన తల్లి లక్ష్మమ్మాళ్ ఊరుకుంటుందా! "పోరా! నీతో వచ్చి ఆ పిల్ల ఏం చూసింది, మిల్లు గోడ తప్ప? ఊరంతా తిప్పి చూపించు," అని గదమాయించి పంపింది. సముద్రపు గాలి కొడుకు చెవులకు పడదని, చెవులు మూసే ఉన్ని కుల్లాయి ఒకటి తన చేత్తో పెట్టెలో పెట్టింది. వచ్చేటప్పుడు ఆయన దాన్ని బయటికే తీయలేదు.

ఆ తల్లి పోయిందని పోయిన వారం దొరసామికి తంతి వచ్చింది. చెల్లెల్ని కొట్టు వెనక్కి పిలిచి చెప్పాడు. కొరివి చిన్నకొడుకు పళనిసామి పెట్టేశాడట.

సౌందరం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత అన్న చేతులు పట్టుకుంది.

"ఆయనకు చెప్పొద్దన్నా. మనం పొయ్యే ఓడ, ఆ కప్పల్, వచ్చే వారం గాని లేదు. ఇప్పుడు తెలిస్తే ఈడ గోడకు తల కొట్టుకునేది తప్ప ఏం చేస్తారు? పుట్టినాక ఇప్పుడే గదా నాలుగు దినాలు పని లేకుండా సుమ్మ కూచున్నారు. కప్పల్ ఎక్కినాక నేనే చెప్తాను."

"బావ మొహం చూసి ఎట్లా దాచేది సౌందరం?"

"నా మీద ఒట్టు."

దొరసామి తల వంచుకున్నాడు. ఆ సాయంత్రం కృష్ణన్ తమలపాకులు తెస్తానని బావమరిది కొట్టుకు వెళ్లి, చాలాసేపటికి ఆకులు లేకుండానే తిరిగొచ్చాడు. మరిచిపోయాడట! మతిమరుపు మనిషి అనుకుంది సౌందరం.

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో ఆవిడకే తెలియాలి. వదిన గోవిందమ్మాళ్ చేపల కొళంబు చేస్తే, తను ఎట్లా తప్పించుకోవాలా అని చూస్తుండగానే ఆయన, "కడుపు సరిలేదు, మజ్జిగన్నం చాలు," అన్నాడు. మొగుడు తిననిది నేనూ తిననంటూ ఆవిడా లేచింది. మెత్తటి పరుపు నడుముకు పడడం లేదని ఆయన నేల మీద తుండు పరుచుకున్నాడు. మీసమూ గడ్డమూ లేకుండా రోజూ నున్నగా గీసుకునే మనిషి, "లీవులో ఏం గీసేది!" అని వదిలేశాడు. పోనీలే, ఇన్నాళ్లకు సుఖపడుతున్నాడని ఆవిడ మురిసింది. వదిన ఇచ్చిన మల్లెపూలు తలనొప్పి అని చెప్పి సంచిలో పడేసుకుంది. సంచిలోని పూలు ఆయన కంటపడితే, సంచి మూసి పక్కన పెట్టాడు.

పొద్దున్నే, ఆవిడ అడగకముందే, చెప్పులు వేసుకుని ఆయనే వాకిట్లో నిలబడేవాడు. "ఇంకా ఏం చూడాల? చెప్పు, పోదాము." పూలతోట చూపించాడు, పెద్ద రేవు చూపించాడు. ఒక మేడ కొట్టులో లిఫ్టు పైకి లేవగానే సౌందరం కెవ్వుమని ఆయన చెయ్యి పట్టుకుంది. కృష్ణన్ నవ్వాడు. నవ్వి నవ్వి, గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. అంతగా నవ్వడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఈ నవ్వును నేనే ఆపాలిగదా, తెలిసిన రోజున నా మొహం చూస్తాడా అనుకుంది.

ఓడ ఎక్కే రోజు తెల్లవారగానే, కడసారి సముద్రం చూసొస్తామని బావా బావమరుదులు వెళ్లారు. తిరిగొచ్చేసరికి కృష్ణన్ గడ్డం గీయించుకుని ఉన్నాడు. తలకు ఆ ఉన్ని కుల్లాయి.

"ఈ ఎండలో అదేంటండి?"

"గాలికి చెవి నొప్పి పట్టుకుండాది."

తల్లి చేత్తో పెట్టిన కుల్లాయి! సౌందరం దాని వంక చూడలేకపోయింది. దొరసామి ఆవిడ వంక చూడలేదు.

ఓడ అచ్చం మిల్లు సంగులాగా కూసింది. రేవులో అన్నా వదినా చిన్నగా అయిపోయారు. ఇక ఆగితే చెప్పలేనని సౌందరం కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"ఏమండీ, మీకు ద్రోహం చేస్తిని. కొట్టినా పడతాను. అత్త..."



కృష్ణన్ ఆవిడ చేతి మీద చెయ్యి వేశాడు. "ఊరంతా బాగా చూస్తివా?"

"చూస్తిని."

"అది చాలు. అమ్మ మరీ మరీ చెప్పి పంపింది."

ఆయన కుల్లాయి తీసి రెండు చేతులా గుండెకు ఆనించుకున్నాడు.

తల నున్నగా గొరిగి ఉంది.