జాలర్ల జాబితా

“జైల్లో దుప్పట్లిస్తారా అంకుల్?”

బసవపున్నయ్యకు నవ్వొచ్చింది. “ప్రాజెక్టులో దుప్పట్ల గొడవెందుకమ్మా? రెండు దేశాల ఒప్పందాలు రాయి. మన అధికారులు ఖైదీలను ఏడాదికెన్నిసార్లు కలుస్తారో రాయి. మార్కులు వాటికే.”

రత్నం తలూపింది. కాని దుప్పట్లు అని రాసుకున్నచోట పక్కన ఖాళీ అలాగే వదిలింది.

రెండువేల ఆరు, డిసెంబరు. ఆర్.కె. పురంలోని ఆ క్వార్టరుకు రత్నం రావడం అది నాలుగో ఆదివారం. నవోదయలో చదివి, స్కాలర్‌షిప్ మీద ఢిల్లీ వచ్చి, బి.ఏ.లో అంతర్జాతీయ సంబంధాలు తీసుకున్న పిల్ల. పాకిస్తాన్ జైళ్ళలో ఉన్న మన జాలర్ల మీద ప్రాజెక్టు రాస్తోందనీ, మీరు చూసేది ఆ ఫైళ్ళే గనక కాస్త సాయం చెయ్యమనీ తెలుగు సంఘం పద్మనాభం పంపించాడు.

మొదట విసుక్కున్నా, రానురాను బసవపున్నయ్య ఆదివారం కోసం ఎదురుచూడసాగాడు. ఇరవై రెండేళ్ళుగా తను విదేశాంగ శాఖ ఆఫీసులో ఏం చేస్తాడో ఇంట్లో ఎవరూ అడగలేదు. కూతురు నేహా అయితే ఆయన నోరు విప్పగానే “పాపా, ప్లీజ్” అంటూ లేచిపోతుంది. ఈ పిల్ల ప్రతి మాటా రాసుకుంటుంది.

ఆయన భార్య అన్నపూర్ణేశ్వరి కాఫీ తెచ్చింది. “మీ నాన్నగారేం చేస్తారమ్మా?”

“పనికోసం దూరం వెళ్ళారాంటీ,” అని రత్నం పేజీ తిప్పింది. “జాలర్ల ఇళ్ళవాళ్ళు మీకు ఉత్తరాలు రాస్తారా అంకుల్?”

“బస్తాలకొద్దీ. అందరికీ ఒకటే జవాబు. ‘మీ అర్జీ పరిశీలనలో ఉన్నది.’ అచ్చువేసి ఉంచుతాం. చిరునామా మారుస్తాం, అంతే. వాళ్ళకి లోపలి సంగతులు చెప్పకూడదు. నువ్వు విద్యార్థినివి గనక ఇంత చెబుతున్నాను.”

అన్నాక ఆయనకే ఏదోలా అనిపించింది. ఆ మాట సర్దుకోడానికన్నట్టు, దాచుకున్న కబురు బయటపెట్టాడు.

“విడుదల జాబితా వచ్చింది. అందులో శ్రీకాకుళం వాళ్ళు ఇరవై తొమ్మిది మంది. గుజరాత్ పడవల మీద కూలికెళ్ళి, తెలీక సరిహద్దు దాటినవాళ్ళు. వచ్చేవారం వాఘా దగ్గర అప్పగిస్తారు. పేపర్లో ఇంకా రాలేదు.”

రత్నం ముఖం వెలిగింది. ఆ పిల్ల నవ్వడం ఆయన చూడటం అదే మొదలు. ప్రాజెక్టుకి మంచి ముగింపు దొరికిందని కాబోలు.

“అందరూనా అంకుల్?”

“ఆగు. ఇరవై ఏడని రాసుకో. ఇద్దరు జబ్బుచేసి చనిపోయారట, మొన్న జనవరిలోనే. మనకిప్పుడు చెప్పారు.”

“పేర్లున్నాయా?”

ఆయన డైరీ తిరగేశాడు. “మైలపల్లి అప్పన్న, నలభై ఆరేళ్ళు. గనగళ్ళ ఎర్రయ్య, ముప్పై.”

రెండో పేరు ఆమె రాసుకోలేదు. కలం కదలకపోతే సిరా అయిపోయిందనుకుని ఆయన తన జేబులోది తీసిచ్చాడు.

“పేర్లెందుకులే. సంఖ్య చాలు, పేజీ అడుగున చిన్నక్షరాల్లో వెయ్యి. ఇలాంటి సమాచారం మీ క్లాసులో ఇంకొకళ్ళకి దొరకదు, చూసుకో.”

“శవాలు పంపిస్తారా అంకుల్?”

“కాగితాలు అటూ ఇటూ తిరగాలి కదమ్మా. రెణ్ణెల్లు పట్టొచ్చు.”

ఆమె పుస్తకం మూసింది. కాఫీ తాగలేదు. లేచి గుమ్మందాకా వెళ్ళి, చెప్పుల్లో కాళ్ళు పెట్టకుండా అక్కడే నిలబడిపోయింది.

బసవపున్నయ్యకు అప్పుడు భయం పట్టుకుంది. నోరు జారానా? వెనకాలే వెళ్ళి గొంతు తగ్గించాడు.

“రేపు కలెక్టరుకి ఫ్యాక్స్ వెళ్తుంది. అప్పటిదాకా ఈ చావుల సంగతి పొక్కకూడదు. ముందే ఆ ఇళ్ళవాళ్ళ చెవిన పడిందంటే నా ఉద్యోగం పోతుంది. ఎవరికీ చెప్పవు కదూ?”

రత్నం ఆయనవైపు తిరిగింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

“అప్పన్న మా అయ్య.”