తెరిచినవే, కుట్టనివి

అద్దాల బీరువా భళ్లున పగిలిన చప్పుడుకు సంజయ్ చేతిలో చాయ్ ఒలికింది. చప్పుడు వచ్చింది ఎదురుగా ఉన్న శకుంతలక్క కొట్టులోంచి.

కేసముద్రం మార్కెట్ యార్డు దగ్గర సంజయ్‌ది టైర్ల పంక్చర్ షాపు. రోడ్డుకు అటువైపు శకుంతలక్క పాతకాలపు ఎంబ్రాయిడరీ కిట్లు కొని అమ్ముతుంది. ఎవరి అమ్మమ్మో ముచ్చటపడి కొనుక్కుని, పెట్టె తెరిచి, బొమ్మ అచ్చేసిన గుడ్డను ఒకసారి తడిమి చూసుకుని, మళ్లీ అటక మీద పారేసిన రకం. వాటికి పట్నంలో మహా గిరాకీ. ఫోనులో వీడియో తీస్తూ అక్క పాడే పాట ఒక్కటే: "తెరిచినవే గానీ కుట్టనివి. సూది కూడా దిగలేదు."

అందులో సగం అబద్ధమని సంజయ్‌కు తెలుసు. సగం కుట్టి వదిలేసిన వాటిని కారుచౌకగా కొని, కుట్లు విప్పించి, ఇస్త్రీ చేసి, కుట్టనివని అమ్ముతుంది. దాంతో ఎవరి కొంప మునిగిందని? నవ్వి ఊరుకున్నాడు.

ఆ కుట్లు విప్పేది లోపలి గదిలో ఉండే చంద్రి. తాండా పిల్ల. మొగుడు చావబాదుతుంటే పారిపోయి వచ్చిందని, తానే దాచిపెట్టానని అక్క ఓసారి గుసగుసగా చెప్పింది. భయంతో గడప దాటదట. సంజయ్ ఆ పిల్ల మొహం కూడా చూడలేదు. కానీ శకుంతలక్కది ఎంత గొప్ప మనసో అని పదిమందికీ చెప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ కొట్టులో ఒక మనిషి అక్క జుట్టు పట్టుకుని గోడకేసి గుద్దుతున్నాడు.

సంజయ్ రోడ్డు దాటాడు. చేతిలో టైర్లు ఊడదీసే ఇనుప రాడ్డు.

"చంద్రి ఏడ?" వాడు అరుస్తున్నాడు. మూలకు ఎర్రదారంతో నాలుగు కుట్లున్న తెల్లగుడ్డను అక్క మొహానికి అదుముతున్నాడు. "జనగామల నేను పనిజేసే మేడం కొన్న డబ్బల గిది ఎల్లింది. గిది చంద్రి కుట్టు గాదా? ఏడ దాసినవ్ చెప్పు!"

"సంజయ్! చంద్రి మొగడు గీడే!" అక్క కేక పెట్టింది. "నన్ను సంపి ఆ పిల్లను గూడ సంపుతడు!"

వాడు గిర్రున తిరిగాడు. ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు.

సంజయ్ ఆ నోటి మీదే కొట్టాడు.

నిరుడు భూపాలపల్లిలో చెల్లె అక్షయ చెయ్యిని బావ విరిచేసినప్పుడు, ఆలుమగల మధ్య మనమెందుకని పెద్దలు సంజయ్‌ను ఆపేశారు. అప్పటి నుంచి అతని చేతులు దురద పెడుతూనే ఉన్నాయి. ఈసారి ఆపేవాడు లేడు.

పళ్లు రాలాయి. వాడు నెత్తురు ఉమ్మి, లోపలి గది వైపు దూకాడు. రాడ్డు మోకాలి మీద పడింది. కూలబడినవాడు ఆగకుండా పాకాడు. గాజుపెంకులు అరచేతుల్లో దిగుతున్నా లెక్కచేయలేదు. ఆ మొండితనం చూసి సంజయ్‌కు ఇంకా ఒళ్లు మండింది. ఆడదాన్ని కొట్టడానికి ఇంత ఆత్రమా!

యార్డు హమాలీలు వచ్చిపడ్డారు. "ఏందే, ఏమైంది?" అన్నవాడికి "పెండ్లాన్ని సంపనీకి వచ్చిండు" అని జవాబు దొరికింది. అంతే, తలా ఒక చెయ్యి వేశారు. కింద చెల్లాచెదురైన రంగురంగుల దారాలు నెత్తుట్లో నాని ఒకే రంగుకు వచ్చేశాయి.

వాడు పగిలిన పెదాలతో ఏదో గొణిగాడు. తాండా భాష. చుట్టుపక్కలంతా తాండాలే. అయినా ఆ ముక్క అర్థమైనవాడు గుంపులో ఒక్కడూ లేడు.

అప్పుడే లోపలి గది తలుపు దబదబ మోగింది. ఆడపిల్ల గొంతు చించుకుని ఏడుస్తోంది. మాటలు గోలలో కలిసిపోయాయి.

"పాపం, ఎంత జడుసుకున్నదో!" అన్నాడో హమాలీ.

ఆ ఏడుపు సంజయ్ చెవిన పడింది. ఆ కసితో వాడి కుడిచేతిని గడప మీద పెట్టి రాడ్డు దించాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. వాడిక పాకలేదు.

ట్రాలీ ఆటోలో పడేసి దవాఖానకు తోలారు. బతికితే బతుకుతాడు, లేకుంటే పీడా పోయిందనుకున్నారు. తల పగిలిన అక్కను ఆరెంపీ డాక్టరు దగ్గరికి నడిపించుకుపోయారు. పోతూ పోతూ కూడా ఆమెకు ఆ పిల్ల ధ్యాసే.

"లోపటికి ఎవలు పోవద్దు తమ్మీ, పిల్ల బెదురుతది. పోలీసోళ్లకు గూడ చెప్పకుండ్రి. పిల్ల ఇజ్జత్ పోతది."

కొట్టులో సంజయ్ ఒక్కడే మిగిలాడు. రాడ్డుకు అంటిన నెత్తురు తుడిచాడు. మనసు హాయిగా ఉంది. ఏడాదిగా తనను తింటున్న దిగులు ఇవాళ దిగిపోయింది. అక్షయకు ఫోన్ చేసి చెప్పాలనిపించింది, ఒక ఆడపిల్లను కాపాడానని.

తలుపు ఇంకా మోగుతూనే ఉంది. వాడి పని అయిపోయిందని ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు. వెళ్లి తలుపు సందుకు మొహం ఆనించాడు.

"ఊకో చెల్లె, ఇగ భయం లేదు. నీ మొగని చెయ్యి ఇరగ్గొట్టినం. ఇగ జన్మల నీ జోలికి రాడు."

ఏడుపు ఆగింది. లోపలి నుంచి ఆయాసపడుతూ సన్నటి గొంతు వినిపించింది.

"నాకు పెండ్లే కాలేదన్నా, జర జల్ది బయటి గొళ్లెం తియ్యి, నా పేరు వట్టి మొత్తుకున్నది మా అన్న."