బుడ్డన్న ఉన్న తలుపు

2021 ఏప్రిల్ పద్నాలుగు. ఆ పూట కమలాకర్ తిన్నది ఎదురింటి గంగవ్వ పంపిన జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం. చెయ్యి కడుక్కున్నాడో లేదో, ఆమే వచ్చి గడప అవతల నిలబడింది.

"అన్నా, నిన్న పొద్దుగూకినంక మల్లొచ్చింది. అందరి తలుపులు కొట్టుకుంట పోయింది. మా ఆయన జరంతోని వణుకుతున్నడు. జర వచ్చి చూడు."

సొంతూళ్లు వదిలి వలసొచ్చిన తెలుగువాళ్లుండే బమ్రోలిలోని ఆ గల్లీలో ప్రతి తలుపు మీదా బుడ్డన్న ఉన్నాడు. పొట్టి మనిషి, పెద్ద మీసం, చేతిలో పలక. చీరలకు డిజైన్లు గీసే కమలాకర్, తెలుగు సంఘం పత్రికలో ఏళ్ల తరబడి నడిపిన బొమ్మల కథలో ఈ సాంచల, అంటే మరమగ్గాల, కార్మికుడే హీరో. ఎవరేం పని చెప్పినా చివరి బొమ్మలో పలక ఎత్తేవాడు: "రేపు రా." ఆ మాట పెట్టింది కమలాకర్ భార్య జమున. పత్రిక ఆగిపోయాక వాళ్ల తలుపు మీద ఒక్క బుడ్డన్న మిగిలాడు. నిరుడు కరోనాకు జమున ఆసుపత్రిలోనే పోయింది. ఆమె కళ్లద్దాలు కూడా తిరిగి రాలేదు.

రోగం మళ్లీ విరుచుకుపడేసరికి గల్లీవాళ్లకు ఊరి ఆచారం గుర్తొచ్చింది. తలుపు మీద "రేపు రా" అని రాస్తే, వచ్చిన దయ్యమో రోగమో అది చదువుకుని వెనక్కి పోతుందట. "ఆ మాట బుడ్డన్న పలక మీద ఉండనే ఉండె, మాకు గూడ గియ్యి" అన్నారు. కాదనలేక అందరికీ సుద్దతో గీశాడు. తలుపుల చప్పుడు మొదలైంది ఆ మర్నాటి నుంచే.

గంగవ్వ తలుపు మీద బుడ్డన్న మీసం చెదిరి ఉంది. పొడవునా వేళ్ల గుర్తులు, ఎవరో తడిమి చూసినట్టు.

కమలాకర్ వంగి ఆ గుర్తులు చూశాడు. "గాజుల చప్పుడు ఇనబడ్డదా?"

"ఆఁ. నీకెట్ల ఎరుక?"

అతను తడిగుడ్డ అడిగి తీసుకుని బుడ్డన్న మొహం తుడవడం మొదలుపెట్టాడు.

"అయ్యో, ఏం జేస్తున్నవ్? మమ్ముల సంపుతవా?"

"రాత ఉంచుత గంగవ్వా. బొమ్మ ఒక్కటే తుడుస్త."

"బొమ్మ లేకుంటె అది ఎవ్వరికి భయపడ్తది? నీకా?"

"నీ తలుపు ఇగ కొట్టది. నాది పూచీ."

అందరూ తిట్టారు. అయినా గల్లీ అంతా తిరిగి తుడిచి, తన తలుపు మీద బొమ్మ మాత్రం ఉంచుకున్నాడు.

పొద్దుగూకింది. కిటికీ సందుల్లోంచి గల్లీ ఊపిరి బిగబట్టి వింది. అడుగులు ఒక్కొక్క ఇల్లే దాటుకుంటూ వచ్చాయి. ఏ తలుపూ మోగలేదు. గంగవ్వ మొగుడు వణుకు మాని నిద్రలోకి జారాడు.

కమలాకర్ గుమ్మం ముందు అడుగులు ఆగాయి. బుడ్డన్న మీసం మీద వేళ్లు మెల్లగా పాకిన చప్పుడు. అతను దాచి ఉంచిన సగం రొట్టె పళ్లెంలో పెట్టి, తలుపు తీశాడు.

"ఎన్ని ఇండ్లు తిరిగినవే?"

"ఏం జేద్దు? అద్దాలు దవాఖాన్లనే ఉండిపాయె. ఏ తలుపు జూసినా బుడ్డన్ననే" అంటూ జమున లోపలికొచ్చి, ఆ రాత్రికి తలుపు మెల్లగా మూసింది.