ముకర్రం చేతికి జైరోస్కోపు

టీ మళ్ళీ ఒలికింది. పియాలా నోటిదాకా రాకముందే సగం పరుపు మీద పడింది.

“ఇవాళ కూడానా?” అన్నాడు హకీమ్‌జాన్.

“నా చెయ్యి నా మాట వింటేగా,” అంది ముకర్రం. కుడి చెయ్యి ఇంకా గడగడా వణుకుతూనే ఉంది.

“డాక్టరు దగ్గరికి పోదాం పద.”

“నేను రాను. కోకంద్ బజారంతా నిన్ను ఉస్తా, ఉస్తా అంటూ నీ పనితనాన్ని పొగుడుతుంది. ఊరందరి గడియారాలూ బాగుచేసినవాడివి, పెళ్ళాం చెయ్యి బాగుచేయలేవా?”

హకీమ్‌జాన్‌కి రోషం పొడుచుకొచ్చింది. “వారం రోజులియ్యి. పియాలా నిండా పోసినా చుక్క ఒలకదు.”

“ఏం చేస్తావేమిటి?”

“గిర్రున తిరిగే చక్రాన్ని వంచబోతే అది ఎదురు తిరుగుతుంది. అలాంటిదాన్ని నీ మణికట్టుకు కడతాను. జైరోస్కోపు అంటారు.”

“పేరు పెద్దదే. టీ తాగనిస్తుందా?”

మూలపడ్డ గోడగడియారం లోలకం నుంచి ఇత్తడి బిళ్ళ ఊడదీశాడు. నడిమధ్యన బెజ్జం వేసి, పాత టేపురికార్డరు మోటారుకు బిగించాడు. అది తిరిగింది, ఊగింది, బల్ల మీంచి ఎగిరి షూర్పా సూపు గిన్నెలో పడింది.

“ఉప్పు చూస్తోంది కాబోలు,” అంది ముకర్రం.

“బిళ్ళ ఒకపక్క బరువుగా ఉంది. అంతే.”

ఆకురాయితో అంచు అరగదీశాడు. తిప్పి చూశాడు, మళ్ళీ అరగదీశాడు. మరలు జారి తివాచీ మీద పడుతుంటే, ఇంత చిన్నవి ఎవడు చేశాడని తిట్టుకున్నాడు. ముకర్రం ఏరి ఇచ్చింది. నాలుగో రోజుకి చక్రం తిరుగుతోందో ఆగిందో తెలియనంత నిలకడగా నిలిచింది. దాన్ని బూటుపాలిష్ డబ్బాలో అమర్చి, తోలుపట్టీ కుట్టాడు.

అయిదో రోజు పొద్దున ఆ పట్టీని భార్య మణికట్టుకు పెట్టడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. మీట నొక్కాడు. డబ్బా తేనెటీగలా రొద పెట్టింది. పియాలా అంచుదాకా టీ పోశాడు.

“అంచుదాకా పోస్తే అతిథిని ఇక లెమ్మన్నట్టేగా. అంత నింపావు, నన్ను ఇంట్లోంచి పొమ్మంటున్నావా?”

“తాగు ముందు.”

ముకర్రం పియాలా ఎత్తింది. తాపీగా తాగింది. ఖాళీ పియాలా కింద పెట్టింది. పరుపు మీద ఒక్క చుక్క లేదు.

“చెప్పానా?” అన్నాడు హకీమ్‌జాన్, గడ్డం సవరించుకుంటూ.

“చెప్పావు. ఉస్తావే నువ్వు.” ఆమె పట్టీ విప్పేసింది.

“విప్పుతావేం? బిగుతుగా ఉందా?”

“బాగుంది. చెయ్యి ఇటియ్యి.”

“నా చెయ్యెందుకు?”

అతను చెయ్యి కోటు జేబులోకి తోసేశాడు. ముకర్రం దాన్ని మెల్లగా బయటికి లాగింది. గాలికి చినారు ఆకులా అది రెపరెపలాడుతోంది. ఇద్దరూ దాన్నే చూశారు.

“నీకోసం చేసుకోమంటే చేసుకునేవాడివా?” అంటూ, ముకర్రం తన కుడిచేత్తోనే, ఇసుమంత కూడా వణక్కుండా, పట్టీని అతని మణికట్టుకు చుట్టి కొసను బకిల్‌లోకి ఒక్కసారికే దూర్చింది.