మొదటి తీగ

అయిదో గిటారు కూడా ముక్కలైంది. మేస్త్రి దాన్ని మెడ పట్టుకుని బల్ల అంచుకేసి బాదాడు. మొదటి దెబ్బకి పొట్ట పగిలింది. రెండో దెబ్బకి తీగలు తెగి, ఒకటి ఎగిరి అతని చెంపనే కోసింది. అతను రక్తం తుడుచుకోలేదు.

"చచ్చింది. ఇదీ చచ్చే పుట్టింది," అన్నాడు.

మూడు నెలల పని నేలమీద చెల్లాచెదురుగా పడి ఉంది. పక్కన నిలబడ్డ బావమరిది పళ్ళు బిగబట్టి చూశాడు. మేస్త్రికి కోపం ముక్కు మీద ఉంటుందని అందరికీ తెలుసు. ఈ నెలలో అది చేతుల్లోకి దిగింది.

ఆ వర్క్‌షాపులో ఒక కట్టడి ఉంది. గిటారు తయారయ్యాక మేస్త్రి శ్రుతి చేసి, చెవి ఒగ్గి, అన్నిటికన్నా సన్నదైన మొదటి తీగను మీటుతాడు. అది మెరుపులా పలికితే గిటారు పొట్టలో తన సంతకం ఉన్న చీటీ అంటిస్తాడు. పలకకపోతే తన చేతులతోనే విరగ్గొడతాడు. నాసి సరుకు తన పేరుతో గడప దాటకూడదని పంతం. ముప్పై ఏళ్ళలో అలా విరిగినవి రెండంటే రెండే. ఈ ఒక్క నెలలో అయిదు.

ఆ అయిదింటికీ చెక్క తెచ్చింది బావమరిది.

"నిజం చెప్పు. ఆరిన చెక్క ఎవడికిచ్చి, ఈ పచ్చి చెక్క తెచ్చావు?"

"అక్క మీద ఒట్టు బావా. ఆరేళ్ళు నీడలో ఆరిన చెక్కే. నాకు బానే మోగుతున్నాయి."

"నీకు మోగుతాయిలే! రంపం మిషన్ ఆన్ చేస్తే చాలు, మోత వినబడకుండా చెవులకి డిప్పలు తగిలించుకుని మహారాజులా నిలబడతావు. కోసేటప్పుడు చెక్క ఏం చెప్తోందో వినాలిరా! ముప్పై ఏళ్ళుగా ఆ రంపం పక్కన ఉత్త చెవులతో నిలబడ్డవాణ్ణి, నాకు చెప్తావా?"

డిప్పల మీద ఎగతాళి బావమరిదికి పన్నెండేళ్ళుగా అలవాటే.

ఇక మిగిలింది ఆరోది. మేస్త్రి చెయ్యి పడకుండా, చెక్క కోయడం నుంచి మెరుగు పెట్టడం దాకా బావమరిది ఒక్కడే చేసిన గిటారు అది. అది నెగ్గితే చీటీ మీద మేస్త్రి పేరు కింద అతని పేరు కూడా పడుతుంది. అక్క ముచ్చటపడి రెండు పేర్లతో చీటీ ముందే రాసి ఉంచింది. పన్నెండేళ్ళు ఒకరి కింద పని చేసిన మనిషికి అది చిన్న కాగితం కాదు. ముందు రాత్రంతా అతనికి కంటి మీద కునుకు లేదు.

మేస్త్రి ఆరో గిటారు అందుకున్నాడు. శ్రుతి చేశాడు. మొదటి తీగ మీటాడు. మళ్ళీ మీటాడు. అతని మొహం నల్లబడింది.

"మొద్దుగా ఉంది. దుప్పటి కప్పి మీటినట్టుంది. ఆరూ అలాగే ఉన్నాయంటే కావాలనే చేశావు! నా పేరు మంటగలిపి నీ సొంత కొట్టు తెరుద్దామని!"

"దాన్ని కింద పెట్టు బావా. ఇంకెవరితోనైనా వాయింపించి చూద్దాం."

"నా కొట్లో ఇంకొకడి తీర్పా?"

మేస్త్రి గిటారును బల్ల మీద పడేసి ఇనప సుత్తి ఎత్తాడు. బావమరిది అతని మీదికి దూకి గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ గోడకి కొట్టుకున్నారు. మేస్త్రి మోచెయ్యి తగిలి బావమరిది ముక్కు చిట్లింది. ఆ తోపులాటలో మూలన ఆన్ చేసి ఉన్న, ఎలక్ట్రిక్ గిటార్లకి వాడే స్పీకరు పెట్టె ఒరిగిపోయి, వైరుతో దానికి తగిలించి ఉన్న రిపేరు గిటారు దాని మీదే పడింది. వెంటనే పెట్టెలోంచి సన్నటి కూత మొదలై, తెగకుండా సాగింది.

మేస్త్రి విదిలించుకుని మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చాడు. బావమరిది రక్తం కారుతున్న ముక్కుతోనే పరిగెత్తి, ఎడమ చెయ్యి గిటారు పొట్ట మీద పరిచాడు.

"కొట్టు బావా, చూస్తాను," అన్నాడు.

కొట్టడనే నమ్మాడు పిచ్చివాడు. మేస్త్రి కొట్టాడు. చెక్క, వేళ్ళు ఒకేసారి విరిగాయి. బావమరిది కేక వేసి చెయ్యి వెనక్కి లాక్కునేలోపు రెండో దెబ్బ కూడా పడింది.

కేక విని అక్క లోపలికి పరిగెత్తుకొచ్చింది. తమ్ముడి చెయ్యి చూసింది. వెంటనే మెరుగు పెట్టే గుడ్డ లాగి చుట్టింది. చుట్టిన చోటల్లా ఎర్రగా నానిపోయింది.

"ఏం పోయేకాలం వచ్చింది నీకు! వాడింక ఉలి పట్టగలడా?"

"మోసం చేసిన చేతులు. పోతే పోనీ," అన్నాడు మేస్త్రి రొప్పుతూ. "సాయం కావాలని మళ్ళీ నా దగ్గరికి రావద్దని చెప్పు."

"నేనేం చెయ్యలేదక్కా," అన్నాడు తమ్ముడు. ఆ మాట చెప్పడానికే అతనికి ఊపిరి చాలలేదు.

ఆమె అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. అవతలివాళ్ళు చిరునామా అడుగుతున్నట్టున్నారు. ఆమె "ఏంటండీ? ఏంటీ?" అని నాలుగుసార్లు అరిచింది. రెండో చెవిలో వేలు పెట్టుకుంది. లాభం లేకపోయింది. తమ్ముడు కూడా బాగున్న చేత్తో ఒక చెవి మూసుకుని, రెండో చెవి భుజానికి అదుముకున్నాడు.

"ముందు ఆ కూత ఆపు మహానుభావా!" అని ఆమె మొగుడి మీద విరుచుకుపడింది. "ఫోన్లో ఒక్క ముక్క వినబడట్లేదు. చెవులు చిల్లులు పడుతున్నాయి!"

మేస్త్రి ఆమె వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. గది నాలుగు మూలలూ చూశాడు.

"ఏ కూత?" అన్నాడు.